మాచ్‌ఖండ్, జోలాపుట్: చూడవలసినవి, బస, ప్రయాణం

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం చూడదలచినవారు అరకులో గాని, పాడేరులో గాని బస చేసి, ముంచంగిపుట్టు మీదుగా తెల్లవారుజామునే బయలుదేరడం మేలు. కేంద్రానికి దగ్గరి ఊరైన ఒనకఢిల్లీ పరిసరాల్లో యాత్రికులకు తగిన వసతి చాలా తక్కువ. మేము దిగిన లాడ్జిలో రాత్రంతా కుళాయికి నీళ్లు రాలేదు, అడిగితే జవాబు చెప్పే మనిషీ లేడు. అరకులోని పర్యాటక శాఖ కాటేజీలకు అద్దె ఎక్కువే అయినా పరిశుభ్రత, భోజనం రెండూ బాగున్నాయి.

1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన ఈ జలవిద్యుత్ కేంద్రం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. జోలాపుట్ జలాశయంలో నిలిపిన నీటిని దిగువన డుడుమ జలపాతం వద్ద మళ్లించి, కొండ వాలున దించిన పెద్ద గొట్టాల ద్వారా లోయ అడుగునున్న పవర్‌హౌస్‌కు పంపుతారు. అక్కడి ఆరు యూనిట్ల సామర్థ్యం 120 మెగావాట్లు. ఉద్యోగులు ఇనుప తాడుతో లాగగా పట్టాలపై నడిచే వించ్ బండిలో కిందికి దిగుతారు. ముందస్తు అనుమతి లేనివారిని ఎక్కనివ్వరు కనుక మేము పైనుంచే చూశాము. గ్రీజుతో నల్లబడిన కప్పీల మీదుగా ఇనుప తాడు మెల్లగా జారుతుంటే, ఇంత లోతుకు ఆ కాలంలో యంత్రాలను చేర్చినవారి శ్రమకు చేతులెత్తి మొక్కాలనిపించింది. యంత్రాలు పాతబడి మరమ్మతుల కోసం తరచు యూనిట్లు ఆగుతున్నా, ఇక్కడ వదిలిన నీరే సీలేరు నదిగా సాగి దిగువ కేంద్రాల్లోనూ విద్యుత్తునిస్తోంది.

జలపాతం కోసమే వెళ్లేవారు వేసవిని మానుకోవాలి, ఎందుకంటే నీరు టర్బైన్లకు మళ్లినప్పుడు డుడుమ సన్నని ధారగా మిగులుతుంది. అక్టోబరు నుంచి జనవరి వరకు అనుకూలం.

నా మనసు నిలిచినది మాత్రం జోలాపుట్ ఒడ్డున. లోయ మునిగినప్పుడు భూములు పోగొట్టుకున్న గిరిజన కుటుంబాల వారసులు నేటికీ సంతకూ ఆసుపత్రికీ నాటు పడవల్లోనే దాటుతున్నారు. పసుపు మూటలతో ఒక అమ్మ ముందు కూర్చుని ఉండగా, వెనకనున్న కుర్రవాడు ఒక చేత్తో తెడ్డు వేస్తూ మరో చేత్తో పాత డబ్బాతో పడవలోని నీళ్లు తోడిపోస్తున్నాడు. లైఫ్ జాకెట్ ఒక్కరికీ లేదు. నగరాలకు వెలుగు పంపిన జలాశయం ఒడ్డున ఊళ్లకు మరపడవలు, వంతెనలు ఇన్నేళ్లయినా అందకపోవడం అన్యాయం.

సరదా షికారుకు ఆ నాటు పడవలను బాడుగకు అడగవద్దని, గురువారం ఒనకఢిల్లీ సంతకు వచ్చే బోండా గిరిజన తెగ స్త్రీల ముఖాలకు కెమెరాలు ఎక్కుపెట్టవద్దని వెళ్లేవారికి నా మనవి. అల్లం, పసుపు కొనండి, బేరమాడకుండా కొనండి.