ఆఫ్‌రోడ్‌లో టైరు దిగితే: స్టెప్నీ మార్చాలా, అక్కడే ప్లగ్ వేయాలా?

టైరు దిగిందని తెలియగానే చాలామంది చెయ్యి ముందు స్టెప్నీ మీదికే పోతుంది. తారు రోడ్డు మీద అది సరైన పనే. నేల గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి పావుగంటలో చక్రం మార్చి బయల్దేరొచ్చు. రాళ్లు, ఇసుక, బురద ఉన్న చోట మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ నా ఓటు ప్లగ్‌కే, అంటే చిల్లులోకి జిగురు పట్టించిన రబ్బరు స్ట్రిప్పు దూర్చి మూసేయడానికే. స్టెప్నీని ఎంత ఆలస్యంగా దించితే అంత మంచిది.

అయితే ఇదంతా చిల్లు ఎక్కడ పడిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నేలకు ఆనే ట్రెడ్ భాగంలో మేకో, ముల్లో, సన్నటి రాతి మొనో దిగితే ప్లగ్ చక్కగా నిలుస్తుంది. అక్కడ రబ్బరు మందంగా ఉంటుంది, దాని కింద స్టీలు బెల్టులు ఉంటాయి, ఆ బిగువే స్ట్రిప్పును పట్టి ఉంచుతుంది. టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్, అలా కాదు. అక్కడ ఉండేవి దారపు పొరలు, పైన పల్చటి రబ్బరు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ భాగం వంగి లేస్తుంటుంది. పొరల్లో దారాలు తెగాక, పైన ఎంత గట్టిగా మూసినా బరువు మోసే బలం తిరిగి రాదు. అందుకే కిందికి దిగగానే ముందు టైరు చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూడండి. బుస్సుమనే శబ్దం వినపడకపోతే సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేచే చోటు దొరుకుతుంది. చిల్లు ఎక్కడా కనపడకపోతే వాల్వు మొదలు, రిమ్ము అంచు కూడా చూడాలి. బురద ఇరుక్కుని అంచు దగ్గర గాలి కారడం ఆఫ్‌రోడ్‌లో మామూలే.

మేకు కనపడగానే పీకేయకండి. అది ఉన్నంతసేపు గాలి మెల్లగానే పోతుంది. బండి ఏటవాలులోనో, మెత్తటి ఇసుకలోనో ఉంటే కొంచెం గాలి కొట్టుకుని గట్టి నేల దాకా మెల్లగా రావచ్చు. సామాను సిద్ధం చేసుకున్నాకే మేకును ముట్టుకోవాలి.

ప్లగ్‌కి ఉన్న పెద్ద లాభం, బండిని జాకీ మీద ఎత్తక్కర్లేదు. ముందు చక్రమైతే స్టీరింగు పూర్తిగా తిప్పితే ట్రెడ్ బయటికి కనపడుతుంది. వెనక చక్రమైతే బండిని ఓ అడుగు జరిపి, చిల్లును చేతికందే చోటికి తెచ్చుకుంటే సరిపోతుంది. మేకు ఏ కోణంలో దిగిందో చూసుకోండి. ప్లయర్‌తో అదే కోణంలో లాగాలి, చిల్లును గీకి నునుపు చేసే గరుకు కడ్డీ, అంటే రీమర్ కూడా అదే కోణంలో దింపాలి. లోపలి స్టీలు తీగలు రీమర్‌ని పట్టేసుకుంటాయి, భుజబలం వాడాల్సి వస్తుంది. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుని స్ట్రిప్పు తోసేస్తారు. అలా చేయకండి. రీమర్‌ని ఆడిస్తూ తీగల మొనలు నునుపయ్యేదాకా తిప్పాలి, లేకపోతే ఆ మొనలే తర్వాత స్ట్రిప్పును కోసేస్తాయి. స్ట్రిప్పును కిట్‌లోని సూది కన్నంలో సగం దాకా దూర్చి, జిగురు పట్టించి, చివరలు ఒక సెంటీమీటరు బయట మిగిలేలా లోపలికి నెట్టాలి. ఆ పైన సూదిని ఒక్క ఊపున వెనక్కి లాగేయాలి. చిల్లు పెద్దదైతే పక్కనే రెండోది, మూడోది కూడా దూర్చవచ్చు. గాలి నింపి, సబ్బునీళ్లతో సరిచూసుకుని, బయట మిగిలిన తోకలు కత్తిరిస్తే పని అయిపోయినట్టే.

ప్లగ్ కిట్ కొనేటప్పుడు టీ (T) ఆకారంలో ఇనుప పిడి ఉన్నదే తీసుకోండి. మందపాటి ఆఫ్‌రోడ్ టైర్లలోకి తోసేటప్పుడు స్క్రూడ్రైవర్ లాంటి ప్లాస్టిక్ పిడి విరగడమో, అరచేతిని కోయడమో చేస్తుంది.

ఇప్పుడు స్టెప్నీ సంగతి. పెద్ద బండ్లకు రిమ్ముతో కలిపి చక్రం 30 కిలోలు సులువుగా దాటుతుంది, బురద దారుల కోసం చేసిన మడ్ టెరైన్ టైరైతే 40 కూడా దాటొచ్చు. బరువు ఒక కష్టమైతే, అసలు ప్రమాదం జాకీ దగ్గర ఉంది. మెత్తటి నేలలో బండి లేవడానికి బదులు జాకీ దిగిపోతుంది, కాబట్టి కింద వెడల్పాటి గట్టి చెక్క తప్పనిసరి. చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి లేపారంటే ఆ పట్టులో సగం పోయినట్టే. అందుకని నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి, నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. తీసిన చక్రాన్ని ఛాసిస్ కిందికి తోసి ఉంచితే, జాకీ జారినా బండి దాని మీద పడుతుంది. బండి జాకీ మీద ఉండగా ఎవరూ దాని కిందికి చెయ్యి కూడా పోనివ్వకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, పక్కవాళ్లు దూరితే అరిచైనా ఆపండి.

ఇంకో చిక్కు ఉంది. దిగిన టైరు తీయడానికి సరిపోయిన ఎత్తు, నిండుగా గాలి ఉన్న టైరు ఎక్కించడానికి సరిపోదు. సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండ్లకు కంపెనీ ఇచ్చిన జాకీ అందదు కూడా. అలాంటప్పుడు చక్రం కింద మట్టి తవ్వి సందు చేసుకోవడం సురక్షితం. జాకీ కింద రాయి మీద రాయి పేర్చడం మాత్రం వద్దు.

వీటన్నిటికంటే నన్ను ప్లగ్ వైపు తిప్పిన కారణం వేరే. స్టెప్నీ ఒక్కటే ఉంటుంది. మొదటి ముల్లుకే దాన్ని వాడేస్తే, తర్వాత రాయి సైడ్‌వాల్‌ని చీల్చినప్పుడు మీ దగ్గర ఏమీ మిగలదు. అరచేతంత కిట్‌లో పదీ పన్నెండు స్ట్రిప్పులు పడతాయి. మామూలు చిల్లులకు వాటిని వాడుకుంటూ, ప్లగ్ చేతులెత్తేసే దెబ్బ కోసం స్టెప్నీని దాచుకోవాలి.

ఆ దెబ్బలేవో కూడా గుర్తుంచుకోవాలి. సైడ్‌వాల్ చీలినా, దారాలు బయటికి కనిపించినా, రిమ్ము పగిలినా, టైరు అంచు చిరిగినా ఇక ఆలోచించొద్దు, స్టెప్నీ దించండి. గాలి లేకుండా చాలా దూరం నడిచిన టైరూ ఈ జాబితాలోనిదే. రిమ్ముకూ నేలకూ మధ్య నలిగి లోపలి గోడ పొడిపొడి అయిపోయి ఉంటుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. అలాంటి దానికి ప్లగ్ వేసి గాలి నింపడం ప్రమాదం.

సీలెంట్ డబ్బా, అంటే టైరులోకి ఎక్కిస్తే చిల్లును మూసే జిగురు ద్రవం గురించి అడుగుతుంటారు. ట్రెడ్‌లో సుమారు 6 మిల్లీమీటర్ల లోపు చిల్లుకు పనిచేస్తుంది, సైడ్‌వాల్‌కు పనికిరాదు. మామూలుగా డబ్బాకు ఒక టైరే. లోపలంతా జిగురైపోయి తర్వాత పంక్చర్ వేసేవారికి కష్టం. కిట్ వాడటం అసలు రానివారికి ఏమీ లేనిదానికంటే నయం, అంతే.

అంచు రిమ్ము నుంచి ఊడిపోవడం వేరే జబ్బు. గాలి బాగా తగ్గించి పక్కకు జారినప్పుడు ఇది జరుగుతుంది. టైరుకు చిల్లు ఉండదు, ప్లగ్‌తో పనే లేదు. చక్రం మీద బరువు పడనంత వరకు మాత్రం జాకీతో లేపి, అంచులో మట్టి కడిగి, సబ్బునీళ్లు రాయాలి. ట్రెడ్ చుట్టూ రాచెట్ పట్టీ (సామాను బిగించి కట్టే పట్టీ) బిగిస్తే అంచులు రిమ్ము వైపు తోసుకొస్తాయి. వాల్వు పిన్ను తీసేసి గాలి కొడితే జోరుగా లోపలికి పోతుంది, అంచులు పట్టుకోగానే పట్టీ వదులు చేయాలి. 40 పీఎస్ఐ దాకా వచ్చినా టప్పుమని కూర్చోకపోతే గాలి వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి, ఇంకా ఎక్కించకండి. మండే స్ప్రే కొట్టి నిప్పంటించే వీడియోలు చూసి ఎవరూ ప్రయత్నించవద్దని బతిమాలుకుంటున్నాను.

కంప్రెసర్ లేకపోతే ప్లగ్‌తో పెద్దగా ఉపయోగం లేదు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ముందు దాని మీదే. బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించేది తీసుకోండి. పెద్ద పంపు లాగే కరెంటుకు సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు ఆగదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి కొట్టాలి. రాళ్ల దారికి ముందు 32, 35 నుంచి 20 పీఎస్ఐ దగ్గరికి గాలి తగ్గించేవారికి ఎలాగూ ఇది కావాల్సిందే. అలా తగ్గిస్తే ట్రెడ్ రాయి మీద పరుచుకుని చిల్లులు తగ్గుతాయి. కానీ సైడ్‌వాల్ ఉబ్బి బయటికొస్తుంది కాబట్టి పదునైన రాళ్ల పక్కగా పోనివ్వకూడదు.

స్టెప్నీ కూడా అయిపోయి, చీలింది సైడ్‌వాలే అయితే? అప్పుడు అక్కడా స్ట్రిప్పులు కుక్కొచ్చు, నాలుగో ఐదో పట్టినా సరే. గాలి తక్కువగా నింపి, మనిషి నడిచేంత వేగంతో, దగ్గర్లోని గట్టి రోడ్డు దాకా మాత్రమే. ఆ టైరును మళ్లీ వాడొద్దు. ట్రెడ్‌లో ప్లగ్ వేసిన టైరును మాత్రం ఊరు చేరాక విప్పించి లోపలి వైపు నుంచి ప్యాచ్ వేయించుకోవాలి. స్టెప్నీ ఎక్కించినవాళ్లు 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు ఒకసారి ఆగి, నట్లు ఎదురెదురు క్రమంలో మళ్లీ బిగించుకోవాలి.