అద్దెకున్నవారు ఉండగానే ఇల్లు కొనేవారికి హెచ్చరిక: నెల్లూరులో మాకు జరిగిన మోసం

నెల్లూరులో గాని, కావలి, కోవూరు, కందుకూరు వైపు గాని, అద్దెకున్నవారు కాపురం చేస్తుండగానే ఇల్లు కొనబోతున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "రిజిస్ట్రేషన్ కానివ్వండి, వాళ్ళను ఖాళీ చేయించే పూచీ నాది" అని అమ్మినాయన చెప్పిన మాటకు మా కుటుంబం ఇవాళ ఒకవైపు బ్యాంకు వాయిదా, మరోవైపు ఇప్పుడుంటున్న ఇంటి అద్దె కడుతోంది. కొన్న ఇంట్లో మాత్రం కాలు పెట్టే వీలు లేదు. మధ్యవర్తి ఎవరన్నది మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాళెం దాకా ఇళ్ళ కోసం తిరిగినవారిలో చాలామందికి తెలుస్తుంది. లాయరు నోటీసు వెళ్ళింది కాబట్టి ఆయన పేరు గాని, అమ్మినాయన పేరు గాని ఇక్కడ రాయడం లేదు.

ముందు సంగతులు త్వరగా చెప్పేస్తాను. అది ముప్పై అంకణాల స్థలంలో కింద ఒక పోర్షన్, మేడమీద ఒక పోర్షన్ ఉన్న పాత ఇల్లు. కందుకూరు దగ్గర మా నాన్నగారి పొలం అమ్మగా వచ్చిన డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి కొన్నాం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం, లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు, లాయరుకు చూపించాం, బ్యాంకు పంపిన ఇంజనీరు వచ్చి కొలతలు వేసుకుని ఫొటోలు తీసుకుని వెళ్ళారు. ఎక్కడా ఏ లోపమూ కనిపించలేదు. కనిపించే అవకాశమే లేదని ఇప్పుడు తెలిసింది, ఎందుకంటే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే ఉంటాయి. ఇంటి యజమాని, అద్దెకున్నవారు స్టాంపు కాగితం మీద తమలో తాము రాసుకున్నది అందులోకి ఎక్కదు.

ఇల్లు చూడడానికి వెళ్ళిన ప్రతిసారీ అమ్మినాయన మా వెంటే ఉన్నారు. గేటు దగ్గరే మమ్మల్ని ఆపి, "అమ్ముతున్నట్టు వాళ్ళకు తెలిస్తే లేనిపోని పేచీలు పెడతారు, మీరేమీ మాట్లాడకండి" అని చెప్పి, లోపలికి వెళ్ళాక కింద పోర్షన్‌లో ఉంటున్న ఆవిడతో మేము తన బంధువులమనీ, ఊరికే ఇల్లు చూసి పోదామని వచ్చామనీ చెప్పారు. ఆవిడ మాకు మజ్జిగ ఇచ్చింది. నెలకు తొమ్మిది వేలు అద్దె ఇస్తున్నారని, భర్త కృష్ణపట్నం పోర్టులో పని చేస్తాడని, మంచివాళ్ళని, చెప్పిన వెంటనే కదులుతారని బయటికి వచ్చాక ఆయనే మాకు చెప్పారు. వాళ్ళు వెళ్ళాకే రిజిస్ట్రేషన్ పెట్టుకుందామని మా ఆవిడ అన్నప్పుడు, "ఆషాఢంలో ఎవరమ్మా ఇల్లు మారేది? జ్యేష్ఠం దాటకముందే మన పని ముగిద్దాం, శ్రావణం రాగానే వాళ్ళు వెళ్తారు" అన్నారు. మన ఇళ్ళల్లో ఈ మాటను కాదనేవారు ఎవరుంటారు? మధ్యవర్తి కూడా అక్కడే ఉండి, తనది హామీ అన్నాడు.

దస్తావేజులో రాసిన మాటలు ఇప్పుడు చదువుతుంటే ఒళ్ళు మండిపోతోంది. ఈ ఆస్తిపై ఎలాంటి తాకట్టులు, భోగ్యాలు (నెల అద్దెకు బదులు ముందే పెద్ద మొత్తం తీసుకుని ఇల్లు ఇవ్వడం), లీజులు, కోర్టు తగాదాలు లేవని, ఉన్నట్టు తేలితే తన ఇతర ఆస్తులతో నష్టం భర్తీ చేస్తానని, ఆస్తిని ఆ రోజే మాకు స్వాధీనం చేశానని ఆయన సంతకం పెట్టి, వేలిముద్ర వేశారు. కింద ఒక కుటుంబం, పైన ఇద్దరు కుర్రవాళ్ళు ఉండగా స్వాధీనం చేయడం ఎలా కుదురుతుందని నేను దస్తావేజు రాసినాయనను అడిగాను. అన్ని దస్తావేజుల్లోనూ అలాగే రాస్తామని ఆయన జవాబిచ్చారు. పక్కనే కూర్చున్న అమ్మినాయన అన్నీ తెలిసి, నోరు విప్పలేదు.

శ్రావణం వచ్చింది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకునే ముందు, వాళ్ళు ఎప్పుడు కదులుతున్నారో కనుక్కుందామని నేను, మా ఆవిడ వెళ్ళాం. ఇల్లు మేమే కొన్నామని చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది. "మీరు సారు బంధువులు గదన్నా?" అని అడిగి, లోపలికి పోయి బీరువా తెరిచి, మడతలు పడిన స్టాంపు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎనిమిది లక్షల రూపాయలు తీసుకుని, అయిదేళ్ళకు ఇల్లు భోగ్యానికి ఇచ్చినట్టు, గడువు తీరాక ఆ ఎనిమిది లక్షలూ తిరిగి ఇచ్చి ఇల్లు ఖాళీ చేయించుకునేటట్టు అందులో రాసి ఉంది. కింద ఉన్న సంతకం మా దస్తావేజు మీద ఉన్న సంతకమే. గడువు ఇంకా రెండేళ్ళు ఉంది. నెలకు తొమ్మిది వేల అద్దె అన్నది మొదటినుంచీ అబద్ధమే, భోగ్యానికి నెల అద్దె ఎక్కడుంటుంది? "నగలమ్మి కట్టాం అన్నా, ఇల్లు అమ్మినా మీ గడువు దాకా మిమ్మల్ని ఎవురూ కదిలించరని సారే చెప్పినాడు" అని ఆవిడ ఏడ్చింది. మాకు ఖాళీ చేయిస్తానని, ఆవిడకు ఎవరూ కదిలించరని, ఒకే మనిషి ఒకే ఇంటి గురించి చెప్పిన మాటలివి.

అక్కడే నిలబడి, ఆవిడ కూడా వినేటట్టు స్పీకర్ పెట్టి, అమ్మినాయనకు ఫోన్ చేశాను. అప్పటిదాకా "బాబూ, అమ్మా" అంటూ వచ్చిన మనిషి గొంతే మారిపోయింది. "ఇంట్లో మనుషులుండేది చూసే కొన్నావు గదబ్బయా. వాళ్ళు ఏ లెక్కన ఉండారో అడుక్కోవాల్సింది నువ్వు. ఇంక అది నీకూ వాళ్ళకూ ఉండే యవ్వారం. నాకు ఫోన్ చెయ్యబాక" అని పెట్టేశారు. మాట్లాడకండని మా నోరు మూయించిందే ఆయన. అడుక్కోవాల్సింది నువ్వని ఇప్పుడు అనేదీ ఆయనే. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఏడుస్తున్న ఆడమనిషి వింటుండగా పలికిన ఆ మాట ఒక ఎత్తు. ఆ మాట రాత్రిళ్ళు కూడా చెవుల్లో వినబడుతోంది. మధ్యవర్తి దగ్గరికి పోతే, తాను కమీషన్ తీసుకున్నది ఇల్లు చూపినందుకేనని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక సీనియర్ లాయరును కలిశాం. ఆయన చెప్పినది కొనేవారందరికీ తెలియాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఒక ఇంట్లో ఎవరైనా కాపురం ఉంటే, వారికి ఆ ఇంటిపై ఏదైనా హక్కు ఉన్న పక్షంలో అది కొనేవారికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది. అమ్మినాయన ఫోన్‌లో అన్న మాటకు ఆధారం ఇదే. ఆయన ఆ మాట ఎవరినో అడిగి తెలుసుకునే అన్నారని నా నమ్మకం. అయితే అదే చట్టం 55వ సెక్షన్, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవారు చెప్పి తీరాలని, చెప్పకపోవడం మోసమేనని అంటోంది. బంధువులమని ఆవిడకు అబద్ధం చెప్పి, మమ్మల్ని మాట్లాడనివ్వకుండా చేసిన సంగతి ఇక్కడే పనికొస్తుందని, ఆవిడ కూడా ఆ సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉండడం మాకు బలమని లాయరు అన్నారు.

ఆవిడ చేతిలోని కాగితం సంగతి వేరు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలని 107వ సెక్షన్, అదే భోగ్యాన్ని స్వాధీన తనఖాగా (ఇల్లు అప్పిచ్చినవారి చేతిలో ఉండే తాకట్టుగా) చూస్తే, మొత్తం 100 రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్నప్పుడు రిజిస్ట్రేషన్ తప్పదని 59వ సెక్షన్ చెబుతున్నాయి కాబట్టి, అయిదేళ్ళ గడువు కోర్టులో నిలవకపోవచ్చు. నెలవారీ అద్దెదారుగా లెక్క వేస్తే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇచ్చి, కదలకపోతే దావా వేయవచ్చు. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది. కానీ దావా తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఎనిమిది లక్షలు పోగొట్టుకోబోతున్న కుటుంబాన్ని, మమ్మల్ని మోసం చేసిన మనిషి చేతిలోనే మోసపోయిన కుటుంబాన్ని, వీధిలోకి పంపి పాలు పొంగించుకోవడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. నేనూ ఒప్పుకోను. కరెంటు తీయించండి, నీళ్ళు ఆపండి అని సలహా ఇచ్చిన బంధువులున్నారు. అది చట్టరీత్యానూ తప్పే, మనిషితనమూ కాదు.

అమ్మినంత మాత్రాన పాత యజమాని బాధ్యత తీరిపోదని, అద్దెదారు తనంతట తాను కొత్త యజమానిని బాధ్యుడిగా ఎంచుకుంటే తప్ప పాత యజమాని మీదే ఉంటుందని 109వ సెక్షన్‌లో ఉందట. అందుకే ఆవిడ కుటుంబం తమ ఎనిమిది లక్షల కోసం ఆయన మీదకు, మేము దస్తావేజులోని హామీ మీద ఆయన మీదకే, కలిసి వెళ్తున్నాం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం ఫిర్యాదు కూడా రాయించాం. మేడమీది కుర్రవాళ్ళు అడ్వాన్సు చెల్లేదాకా ఉండి, తర్వాత ఖాళీ చేస్తామన్నారు. ఆ అడ్వాన్సు కూడా అమ్మినాయన దగ్గరే ఉంది గానీ, దాని గురించి పోట్లాడే ఓపిక ఇప్పుడు లేదు.

ఇల్లు కొనేవారు అద్దెకున్నవారితో అమ్మేవారు పక్కన లేనప్పుడు ఒకసారి నేరుగా మాట్లాడండి. ఎప్పటినుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కాగితం ఏమైనా రాసుకున్నారా, ఎప్పుడు కదులుతారు అని అడిగి, వారి చేత సంతకంతో రాయించుకోండి. మాట్లాడనివ్వనంటే అక్కడికే ఆపేయండి. తాళాలు చేతికి వచ్చేదాకా సొమ్ములో కొంత మీ దగ్గరే ఉంచుకునేటట్టు అమ్మకపు కరారులో రాయించండి. అద్దెకున్నవారు ఉండగానే కొనడానికి ఒప్పుకుంటే, ఇకపై అద్దె ఎవరికి కట్టాలో రిజిస్ట్రేషన్ నాడే వారికి రాతపూర్వకంగా తెలియజేయండి, ఎందుకంటే అమ్మకం సంగతి తెలియక పాత యజమానికి కట్టిన అద్దెను మళ్ళీ మీకు కట్టమని అడగడం కుదరదు.

ఇదే అమ్మినాయనకు పొదలకూరు రోడ్డు వైపు ఇంకొక ఇల్లు ఉందని, ఇదే మధ్యవర్తి దాన్ని చూపిస్తున్నాడని నిన్న తెలిసింది. అందులోనూ ఒక కుటుంబం ఉంటోంది. ఆ ఇల్లు చూడడానికి వెళ్ళేవారిని ఆయన బంధువులని పరిచయం చేస్తే, దయచేసి అక్కడే, ఆ ఇంటివారి ముందే, మీరు ఇల్లు కొనడానికి వచ్చామని చెప్పండి.