మైనస్ 196 డిగ్రీల చలికి ఉక్కా, అల్యూమినియమా?

నల్లగొండ పల్లెల్లో బర్రెలకు చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేయడానికి వచ్చే గోపాలమిత్ర దగ్గర, వీర్యాన్ని గడ్డకట్టించి ఉంచే ఒక క్యాన్ ఉంటుంది. లోపల ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. ఆ క్యాన్‌ను మామూలు ఉక్కుతో కాకుండా అల్యూమినియంతో ఎందుకు చేస్తారు?

ఉక్కు మన ఎండల్లో సుత్తి దెబ్బకు సొట్ట పడుతుంది, వంగుతుంది, విరిగేముందు సాగుతుంది. చలి పెరిగేకొద్దీ దానిలోని పరమాణువుల వరుసలు ఒకదానిమీద ఒకటి జారడం కష్టమవుతుంది. ఒక హద్దు దిగాక ఇక సాగదు. చిన్న పగులున్నా చాలు, గాజులా ఫట్టుమంటుంది. 1943 జనవరిలో అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ రేవులో నిలిచి ఉండగానే దాదాపు రెండుగా చీలిపోయింది. చలితో పాటు వెల్డింగ్ లోపాలు, ఉక్కు నాణ్యత కూడా కారణమే.

అల్యూమినియంలో పరమాణువుల అమరిక వేరు. ఎంత చలిలోనైనా వరుసలు జారతాయి, ఆ హద్దే ఉండదు. పైగా తేలిక, బైక్ మీద ఊరూరా తిప్పాలి కదా! నికెల్ బాగా కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలూ తట్టుకుంటుంది గానీ బరువెక్కువ.

నాగలి కర్రుకు, ట్రాలీకి మాత్రం నేను ఉక్కునే ఎంచుకుంటాను. మన చలికాలం మామూలుగా సున్నా దాకా పోదు. కానీ ద్రవ నైట్రోజన్‌ను ఇంట్లో ఉన్న ఇనుప డబ్బాలో ఎప్పుడూ పోయనివ్వకండి.