డార్జిలింగ్ టిబెటన్ శరణార్థుల కేంద్రం: మగ్గం పక్కనే కొన్న చిన్న తివాచీ

మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేసేవారు. అందుకే డార్జిలింగ్ వెళ్లగానే అందరూ సూర్యోదయం చూడ్డానికి వెళ్లే టైగర్ హిల్ కన్నా ముందు టిబెటన్ శరణార్థుల స్వయం సహాయక కేంద్రం చూశాను. టిబెట్ వదిలి వచ్చినవాళ్లు చేతిపనితో బతకాలని 1959లో మొదలుపెట్టారు.

పెద్దవయసు అవ్వలు సైకిల్ చక్రంతో చేసిన రాట్నాల మీద ఊలు వడుకుతున్నారు. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. పక్క గదిలో నిలువు మగ్గాలు. పడుగు (మగ్గానికి బిగించిన నిలువు దారాలు) మీద దారాన్ని ఒక కడ్డీకి చుట్టుకుంటూ పోతారు. వరస అయ్యాక కత్తితో కోసి కడ్డీ తీసేస్తే, కోసినచోట ఊలు కుచ్చులా లేస్తుంది. మన జంపఖానాలో ఈ పని ఉండదు, పడుగూ, దానికి అడ్డంగా నేసే పేకా అంతే. నేను మగ్గం ఇంటి బిడ్డనని చెప్తే ఒకామె నవ్వి నా చేతికి కడ్డీ ఇచ్చింది. పది ముళ్లకే వేళ్లు లాగేశాయి.

దుకాణంలో తివాచీలు, ఊలు బట్టలు, చెక్క పనులు, తోలు వస్తువులు ఉన్నాయి. పూజగదికి కూర్చునే తివాచీ ఒకటి తీసుకున్నాను. బేరం ఆడలేదు, ఆ కష్టం చూశాక నోరు రాలేదు. ఏడాదిగా రోజూ వాడుతున్నా కుచ్చు అణగలేదు.

పెద్ద తివాచీ కావాలంటే ఆర్డర్ ఇచ్చి ఓపిగ్గా ఆగాలి. ఆదివారం వెళ్లకండి, మూసి ఉంటుంది. దారి బాగా దిగుడు, మోకాళ్ల నొప్పులుంటే టాక్సీ మాట్లాడుకోండి.