గ్రావెల్ కారుకు క్యామ్ బోల్టులు: రెండు సీజన్లు వాడినంక

పోయినేడు ఈ క్యామ్ బోల్టుల (తిప్పితే చక్రం వంపు మారే బోల్టులు) గురించి మస్తు మంచిగ చెప్పిన, నా మాట విని దోస్తులు ఇద్దరు కొన్నరు గూడ, అందుకే మళ్ల రాస్తున్న. కాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం వంపు, పై అంచు లోపలికి వంగితే నెగెటివ్ (మైనస్), బయటికి వంగితే ప్లస్; టో అంటే పై నుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికి తిరిగినయా, బయటికి (ఔట్) తిరిగినయా అన్నది. అంతకన్న దాని జోలికి పోను.

నాది పాత స్విఫ్ట్. మొరం (గ్రావెల్) బాటల కోసం బండి ముందు భాగం ఎత్తు లేపిన, లేపంగనే ఉన్న కొంచెం నెగెటివ్ కాంబర్ పోయింది, టో గూడ తప్పింది. అలైన్‌మెంట్ షాపుకు పోతే టో ఒక్కటే సరిచేసిన్రు, అసలు బోల్టులతోని కాంబర్ తిప్పే వీలు లేదు కదా. అందుకే స్ట్రట్‌ను (స్ప్రింగు ఉండే షాక్ అబ్జార్బర్) నకిల్‌కు (చక్రాన్ని పట్టుకునే ఇనుప భాగం) పట్టే రెండు బోల్టుల్ల పైది తీసి క్యామ్ బోల్ట్ ఏసిన. రెండు దిక్కుల మైనస్ 1 డిగ్రీ, టో మొత్తం 2 మిల్లీమీటర్లు ఔట్. అంతకుముందు మలుపుల స్టీరింగ్ తిప్పినా ముక్కు సీదా పోయేది, ఆ రోజు అడిగిన దిక్కు తిరిగింది, నాకైతే పండుగే.

ఇగ అసలు సంగతి. పోయిన ఎండకాలం ఆత్మకూర్ దాటినంక ఒక క్వారీ బాట, ఓనర్‌ను అడిగే నడుపుతున్న, పక్కన మా బామ్మర్ది. కుడి మలుపు, పైన సన్న మొరం, కింద లారీలు తొక్కి తొక్కి రాయిలెక్క అయిన గాడి. కారు జారుకుంట పోయి ఎడమ ముందు చక్రం ఆ గాడి అంచుకు కొట్టుకున్నది. టైరు పోలే, రిమ్ము వంగలే, కానీ సీదా బాట మీద స్టీరింగ్ జర కుడికి పట్టుకుంటెనే కారు సీదా పోతున్నది. "బావా, టై రాడ్ వంగినట్టున్నది" అన్నడు. చక్రం ఇప్పి చూస్తే ఆ రాడ్, అంటే స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ, మంచిగనే ఉన్నది. క్యామ్ బోల్ట్ తల మీంచి స్ట్రట్ బ్రాకెట్ మీదికి, జరిగితే తెలువాలెనని, తెల్ల పెయింట్ గీత పెట్టుకున్న, ఆ గీత రెండు తునకలైంది, నడుమ వడ్లగింజంత సందు. ఇంటికొచ్చి కొలిస్తే ఎడమ కాంబర్ సున్నా దాటి ప్లస్‌లకు పోయింది, టో 7 మిల్లీమీటర్లు ఔట్.

అమ్మినాయనను అడిగితే మీరే టైట్ తక్కువ చేసిన్రు అన్నడు. ఎంత బిగువో లెక్క చూపే టార్క్ పానాతోనే బిగించిన, ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే. క్యామ్ తిరిగే జాగ కోసం ఈ బోల్ట్‌ను అసలుదాని కన్న సన్నగ చేస్తరు, పట్టి ఉంచేది బ్రాకెట్‌కు నకిల్‌కు నడుమ రాపిడే. అయితే ఒకటి ఒప్పుకోవాలె, బ్రాకెట్‌కు నేను కొత్తగ పెయింట్ కొట్టిచ్చిన, ఆ పొర నలిగితే బిగువు తగ్గుతది. తర్వాత పెయింట్ గీకేసి, కొత్త నట్లు ఏసి బిగించిన. అయినా ఇంకోసారి జరిగింది, ఈసారి తక్కువ.

అప్పటి సంది కొలిచే పని ఇంట్లనే. సీట్లల్ల మా ఇద్దరి బరువుకు సరిపడ బియ్యం బస్తాలు పెట్టి, ముందు చక్రాల కింద రెండేసి నున్నటి టైల్స్, వాటి నడుమ గ్రీజు, లేకుంటే జాకీ దించినంక టైరు నేలను పట్టుకోని చక్రం దాని జాగకు రాదు, లెక్కంత తప్పే. రెండు పక్కల హబ్ (చక్రం నడిమి భాగం) ఎత్తుల దారం కట్టి రిమ్ము ముందంచు, వెనకంచు కొలుస్త. 14 ఇంచుల రిమ్ము మీద 1 మిల్లీమీటర్ తేడా అంటే దాదాపు 0.16 డిగ్రీ, స్కేలుతోనే దొరుకుతది. కాంబర్ ముట్టుకున్నప్పుడల్లా టో మళ్ల చూడాలె, పోయినేడు ఇరవై నిమిషాల పని అని చెప్పిన గని దారం, బస్తాలు కలిపితే సగం దినం పోతది.

తారు రోడ్డు మీద నడిపేటోళ్లకు ఇవి సాలు, మా దోస్తులల్ల ఒకాయనకు ఇప్పటిదాంక ఒక్కసారి గూడ జరగలే, ఆయన బాటలు సాఫు. నావి క్వారీ బాటలు, నా బండి ఎత్తుది, నేను జర గట్టిగనే నడుపుత. పైసలు కూడితే స్ట్రట్ పైన కాంబర్ ప్లేట్లు (స్ట్రట్ పైకొసను జరిపి కాంబర్ మార్చే పలకలు) ఏసి కింద అసలు బోల్టులే మళ్ల పెడ్త. అప్పటిదాంక పానా, తెల్ల పెయింట్ డిక్కీలనే.