పాతూరి మేడా? హైవే పక్క ఫ్లాటా?

మన ఇళ్లలో లాఫ్ట్ అంటే పండగ గిన్నెలూ, పాత ట్రంకుపెట్టెలూ పడేసే అటక. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక పాత బట్టల కొట్టు మీది మేడని బాగుచేసి ‘లగ్జరీ లాఫ్ట్’ అని చూపించినప్పుడు మాకు నవ్వొచ్చింది. చివరికి దాన్నే కొన్నాం. చేరి ఏడాదైంది. ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: అదే డబ్బుకి హైవే పక్క లాలాచెరువు వైపో, దివాన్‌చెరువు వైపో కొత్త ఫ్లాటు వచ్చేది కదా?

వచ్చేది. చూశాం కూడా. లిఫ్టు, జనరేటరు, రెండు కార్లకి చోటు, గేటు దగ్గర వాచ్‌మన్. 1,850 చదరపు అడుగులన్నారు. అది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోట్లలో వాటా కూడా కలిపిన లెక్క. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే చోటు, ఎంతండీ అని రెండుసార్లు అడిగితే 1,340 అని తేలింది. 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణకి రెరా చట్టం వచ్చాక ఈ లెక్క బిల్డర్లే ముందు చెప్పాలి, అయినా అడిగితే గానీ నోరు విప్పలేదు. మేడలో ఆ గొడవ లేదు. గోడ నుంచి గోడకి టేపు పెట్టి మేమే కొలుచుకున్నాం, 1,700. డాబా ఎక్కితే 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి రిటైరైన హేవలాక్ వంతెన కనిపిస్తుంది. వీరేశలింగం గారి ఇల్లు నడిచి వెళ్లే దూరం. వీటికి బ్రోకరు వేరే రేటు కట్టాడనుకోండి.

మేడలో గదుల ఎత్తు పద్నాలుగు అడుగులు. చూడ్డానికి బావుంటుంది గానీ కరెంటు బిల్లుకి బావుండదు. 20 బై 15 గది పదడుగుల ఎత్తులో 3,000 ఘనపుటడుగులైతే, పద్నాలుగులో 4,200. అంత గాలినీ ఏసీ చల్లబరచాలి. గోడలు లావు కాబట్టి రోహిణి కార్తెలో కూడా మధ్యాహ్నం దాకా ఫ్యానుతో గడిచిపోతుంది. రాత్రికి మాత్రం ఆ లావుపాటి గోడలు పగలంతా తాగిన వేడిని నెమ్మదిగా వదులుతాయి. కిటికీలు బార్లా తీసి గోదావరి గాలి కోసం చూడ్డమే.

ఇవన్నీ పక్కన పెట్టండి. నా దృష్టిలో తేల్చాల్సింది పైకప్పు. పాతూరి మేడల్లో చాలావాటిది మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో అతికి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి రోజుల తరబడి కొట్టి గట్టిచేసినది. దూలం మధ్యలో ఎంత నున్నగా మెరిసినా లాభం లేదు, అది గోడలోకి దూరే చోట తడి చేరి పుచ్చుతుంది. ఇంజినీరు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. మేం ధవళేశ్వరం నుంచి ఒక ముసలి మేస్త్రిని తీసుకెళ్లాం. ఆయన నిచ్చెనెక్కి ప్రతి దూలం కొసనీ స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. ఏడోదాని దగ్గర చప్పుడు మారింది. మొనతో పొడిస్తే అంగుళం లోపలికి దిగి, తడి రంపంపొట్టు రాలింది. ‘‘ఇది మార్పించాకే అడ్వాన్సు ఇవ్వండి, ఆయ్’’ అన్నాడు. అదే చేశాం.

నది వైపు గోడకి అంతకుముందున్నవాళ్లు సిమెంటు పూయించారు. సున్నం గోడ తడి పీల్చినా మళ్లీ ఆరుతుంది. పైన సిమెంటు పడితే తడి లోపలే ఉండిపోయి, ఉప్పు తేలి, పెచ్చులు ఊడతాయి. మొత్తం చెక్కించి మళ్లీ సున్నమే వేయించాల్సొచ్చింది. ఇక బ్రోషర్లో హాలు పక్కనే బాత్‌టబ్బు! మన నేలే కింద కొట్టుకి పైకప్పు, అదీ ఇలాంటి దూలాల మీదేనని గీసినవాళ్లకి తట్టలేదు. నిండిన టబ్బు రెండు మూడొందల కిలోల బరువు, పైగా రోజూ చెమ్మ. మేం స్నానాలగదులు రెండూ వెనకవైపు స్లాబున్న భాగంలోకే మార్పించాం.

కాగితాల సంగతి క్లుప్తంగా. పై అంతస్తు ఒక్కటే కొంటున్నారు కాబట్టి స్థలంలో మీ వాటా ఎంతో, డాబా ఎవరిదో దస్తావేజులో రాయించండి. అమ్మేవాళ్ల ఇంట్లో అన్నదమ్ములతోపాటు ఆడపడుచుల సంతకాలూ ఉండాలి. పాత బిల్డింగుకి లోను అంత తేలిగ్గా రాదు, చేతిలో డబ్బు ఎక్కువ ఉండాలి. ఈ విషయంలో ఫ్లాటే మేలు, అందులో సందేహం లేదు.

వరదంటే మేడ మీద భయం లేదు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది. నది అలా నిండితే ఊరి మురుగు అందులోకి దిగదు, పల్లపు వీధుల్లో నిలుస్తుంది. అప్పుడు బండి తీయలేం. 2027 పుష్కరాల పన్నెండు రోజులూ ఎలాగూ తీయలేం.

అత్తయ్యగారికి ఇరవయ్యారు మెట్లు కష్టమే. ఆవిడ కోసమైతే ఫ్లాటు తీసుకోవాల్సింది. కానీ పొద్దున్నే కిందకి దిగితే కూరలు, మందులషాపు, రేవు అన్నీ నడకలోనే, ఎవరినీ కారు తీయమని అడగక్కర్లేదని ఆవిడే అంటారు. దిగడం రోజుకి ఒక్కసారే.

నదికి అవతల కొవ్వూరులో చవగ్గా వస్తుందంటారు, వంతెన మీద రోజూ రాకపోకలు మావల్ల కాదు. ధవళేశ్వరంలో విడి ఇల్లు బాగానే ఉంటుంది గానీ మా బడ్జెట్‌కి అందలేదు.

మేడ కొనాలనుకునేవాళ్లు ఎండాకాలంలో చూసి బేరం కుదుర్చుకోకండి. మూడు రోజులు ముసురు పట్టాక వెళ్లి, నిచ్చెన వేసుకుని, దూలం గోడలో కలిసే చోట చేత్తో తడిమి చూడండి.