రెండూ నీరసం కథలే, మరి ఏది పెట్టాలి?

ఎండాకాలం, అనంతపురంలో మిద్దె మీద మంచాలు, ఫోన్లో పాత స్టార్ ట్రెక్, అదే అంతరిక్ష నౌక కథల అమెరికన్ టీవీ సిరీస్. నిద్రొచ్చేలోపు ఈ రెండు ఎపిసోడ్లలో ఒక్కటే చూడగలం: సుమారు 50 నిమిషాలు.

కథ: 'ది ఆల్టర్నేటివ్ ఫ్యాక్టర్' (1967)లో ఆలోచన పెద్దదే. లాజరస్ అనే ఒకే మనిషి రెండు విశ్వాల్లో, ఒకరు పదార్థం, ఇంకొకరు ప్రతిపదార్థం, తారసపడితే సర్వనాశనం. 'స్పాక్స్ బ్రెయిన్' (1968)లో ఎవరో వచ్చి నౌకలోని అధికారి స్పాక్ మెదడు ఎత్తుకుపోతారు. నిజంగా అంతే.

శ్రమ: మొదటిదాంట్లో ఏ లాజరస్ ఎవరో తేల్చుకునేసరికి తల వాస్తుంది. రెండోదానికి ఆ బాధ లేదు.

మనుషులు: తేడా అంతా ఇక్కడే. మొదటిదాంట్లో స్పాక్, నౌక డాక్టర్ మెకాయ్ ఉన్నారన్న మాటేగానీ వాళ్ల ఎకసెక్కాలకు చోటు లేదు. రెండోదాంట్లో మెదడు తిరిగి అతికిస్తూ మెకాయ్ మధ్యలో తడబడితే, నోరు పనిచేయడం మొదలైన స్పాక్ తన ఆపరేషన్‌కు తనే సూచనలిస్తాడు! లేచాక ఆగని ఉపన్యాసం. ఆ నోరు కలపకుండా ఉండాల్సిందని మెకాయ్ గొణుగుడు.

ప్రమాదం: మొదటిదానికి కునుకు, రెండోదానికి పక్క మిద్దెవాళ్లు లేచేంత నవ్వు.

ఒంటరిగా, సమాంతర విశ్వాల పిచ్చితో ఉంటే మొదటిది. పక్కన తమ్ముళ్లు, గిన్నెడు మసాలా బొరుగులు ఉంటే రెండోదే. సిరీసే కొత్తయితే రెండూ వద్దప్పా; స్పాక్, మెకాయ్‌ల కీచులాట ముందే తెలిసినోళ్లకే ఆ జోకు పండేది.